చీనీ తూకాల రికార్డుకు స్మార్ట్ కాంట్రాక్ట్: డిప్లాయ్ చేయడానికి, తర్వాత చూసుకోవడానికి ఏ ఓపెన్‌సోర్స్ టూల్ మేలు?

చీనీతోట | అనంతపురం

అందరికీ నమస్తే. మా చుట్టుపక్కల ఊళ్ల రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి చీనీ (బత్తాయి) తూకాల లెక్కలు బ్లాక్‌చైన్ మీద, అంటే చాలా కంప్యూటర్లలో ఒకేసారి ఉండే, ఒక్కరు దిద్దలేని లెడ్జర్ మీద పెట్టాలని తీర్మానం చేసింది. కోడ్ రాసే పని నాకు అప్పజెప్పారు. తోటలో అంచనా వేసిన టన్నులు ఒకటి, మార్కెట్లో కాటా మీద పడింది ఒకటి, సూటు (తరుగు కింద కోసే బరువు) తీసేశాక తక్‌పట్టీలో (మండీ ఇచ్చే అమ్మకం చీటీలో) రాసింది ఇంకొకటి. ఈ అంకెలన్నీ ఎవరూ తర్వాత దిద్దడానికి వీల్లేకుండా ఒకచోట ఉండాలని రైతులు అడుగుతున్నారు. వాళ్లు అడిగేది న్యాయం. అందుకే ఈ పని ఎట్లాగైనా సరిగ్గా చేయాలని ఉంది.

సాలిడిటీ భాషలో రెండు స్మార్ట్ కాంట్రాక్టులు (చైన్ మీదే నడిచే ప్రోగ్రాములు) రాశాను. ఒకటి ఎవరికి ఏ అనుమతి ఉందో చూస్తుంది, రెండోది లాట్లు నమోదు చేస్తుంది. రెండోదాన్ని డిప్లాయ్ చేయాలంటే (చైన్ మీద పెట్టాలంటే) మొదటిదాని అడ్రస్ ఇవ్వాలి. ప్రస్తుతం పాలిగాన్ అనే బ్లాక్‌చైన్‌కు ఉన్న అమోయ్ టెస్ట్‌నెట్‌లో (ప్రయోగాలకు వాడే నెట్‌వర్క్‌లో) ఒక చిన్న జావాస్క్రిప్ట్ స్క్రిప్టుతో నడుపుతున్నాను, పని చేస్తోంది. అసలు నెట్‌వర్క్‌కు వెళ్లే ముందు సరైన టూల్ ఎంచుకోవాలి. హార్డ్‌హ్యాట్ ఇగ్నిషన్, ఫౌండ్రీ రెండూ చూశాను. రేపు నేను ఈ పనిలో లేకపోయినా, నా తర్వాత వచ్చే మనిషి రిపో (కోడ్ దాచే చోటు) తెరవగానే ఏ కాంట్రాక్ట్ ఎక్కడుంది, ఏ కోడ్‌తో పెట్టారు, అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నవి తెలియాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆదోని_పత్తి | ఆదోని

అక్కా, టూల్ సంగతి తర్వాత చూద్దాం. అసలు దీనికి బ్లాక్‌చైన్ అవసరమా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టి, అప్‌డేట్, డిలీట్ హక్కులు ఎవరికీ ఇవ్వకుండా, ప్రతి వరుసలో పై వరుస హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే గుర్తు, డేటా కాస్త మారినా మారిపోతుంది) రాసుకుంటూ పోతే ఎవరు ఏది దిద్దినా బయటపడుతుంది. చిన్న సర్వర్ చాలు. ప్రైవేట్ కీలు (ఖాతా రహస్య తాళాలు), గ్యాస్ ఫీజులు (చైన్ మీద రాసే ప్రతి పనికీ కట్టేవి) ఇవన్నీ సంఘం నెత్తిన పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి.

చీనీతోట | అనంతపురం

సంఘం మీటింగులో ఇదే ప్రశ్న వచ్చింది తమ్ముడూ. సర్వర్ ఎవరి దగ్గర ఉండాలి అన్న దగ్గర చర్చ ఆగిపోయింది. సంఘం దగ్గర పెడితే వ్యాపారులు ఒప్పుకోరు, కమీషన్ ఏజెంట్ల దగ్గర పెడితే రైతులు ఒప్పుకోరు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్న మనిషి హ్యాష్ గొలుసు మొత్తాన్ని మొదటి నుంచి తిరగరాయగలడు కదా. ఆ అనుమానానికి తావు ఉండకూడదనే ఇటు వచ్చాం.

ఆదోని_పత్తి | ఆదోని

అట్లయితే సరే, ఒప్పుకుంటున్నా. కానీ ప్రతి తూకమూ చైన్ మీద రాయాలా? డేటాబేస్ మామూలుగానే ఉంచి, రోజుకొకసారి ఆ రోజు లెక్కలన్నింటికీ కలిపి ఒక హ్యాష్ మాత్రం చైన్ మీద పెట్టొచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది, కాంట్రాక్ట్ కూడా చిన్నదవుతుంది.

కాటా_గుమాస్తా | అనంతపురం

నేను కంప్యూటర్ మనిషిని కాదమ్మా, మండీలో లెక్కలు రాస్తాను. కాటా దగ్గరే తప్పు అంకె పడితే మీ చైన్ ఆ తప్పునే భద్రంగా దాచిపెడుతుంది. మా దగ్గర గొడవలు వచ్చేది ఎక్కడో చెప్తాను. బండి ఖాళీ బరువు సరిగ్గా తీశారా, సూటు ఎంత పట్టారు, కాయ నాణ్యత చూసి ధర తగ్గిస్తే ఆ తగ్గింపు రాతలో ఉందా. చాలాచోట్ల తక్‌పట్టీలో చివరి బరువు ఒక్కటే కనపడుతుంది. టన్నుకు ఎన్ని కిలోలు సూటు కింద పోయిందో రైతుకు అర్థం కావాలంటే మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, సూటు మూడూ విడివిడిగా రాయాలి.

ఇంకొకటి. రైతు, మండీ ఇద్దరూ ఒప్పుకున్నాకే లెక్క ఖాయం కావాలి. అదీ కాటా దగ్గరే జరగాలి. రైతు ఇంటికి పోయినాక ఫోన్‌లో ఒప్పుకోమంటే, బస్సులో కూర్చుని ఏది వస్తే అది నొక్కేస్తాడు.

చీనీతోట | అనంతపురం

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నా స్ట్రక్ట్‌లో (ఎంట్రీ నమూనాలో) నికర బరువు ఒక్కటే ఉండింది. ఇప్పుడు మూడూ వేరువేరు చేస్తున్నాను, అన్నీ కిలోల్లో పూర్ణాంకాలుగా. సాలిడిటీలో దశాంశాలు ఉండవు కాబట్టి టన్నుల్లో రాస్తే ఇబ్బంది. ఇద్దరి ఆమోదం పడేదాకా ఎంట్రీ 'పెండింగ్'లోనే ఉంటుంది.

గండికోట | సొంతూరు జమ్మలమడుగు, ఉద్యోగం బెంగళూరు

నేను కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. అక్క అడిగిన ప్రశ్నకు వస్తాను.

రెండూ ఓపెన్‌సోర్స్, రెండూ మంచివే, కానీ స్వభావం వేరు. ఇగ్నిషన్‌లో మనం 'ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్' అని రాయం. ఏమేం ఉండాలో ఒక మాడ్యూల్‌లో ప్రకటిస్తాం. లాట్ల కాంట్రాక్టుకు అనుమతుల కాంట్రాక్టును ఆర్గ్యుమెంటుగా ఇస్తే, ఏది ముందు పెట్టాలో అదే తేల్చుకుంటుంది. నడిపినాక 'ఇగ్నిషన్' ఫోల్డర్ లోపల 'డిప్లాయ్‌మెంట్స్', దాని లోపల 'చైన్-80002' అని ఒక ఫోల్డర్ తయారవుతుంది. 80002 అమోయ్ చైన్ నంబరు. రేపు అసలు పాలిగాన్‌కు పోతే 'చైన్-137' అవుతుంది. అందులో అడ్రస్‌లు ఉన్న ఫైలు ఒకటి, ఏ కోడ్‌తో కంపైల్ చేశారో చెప్పే బిల్డ్ సమాచారం, అన్నింటికంటే విలువైన జర్నల్ ఫైలు ఉంటాయి. పంపిన ప్రతి ట్రాన్సాక్షనూ ఆ జర్నల్‌లో వరుసగా పడుతుంది.

ఇది ఎందుకు ముఖ్యమో మన ఊళ్లలో పని చేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మొదటి కాంట్రాక్ట్ పడింది, రెండోది పంపుతుండగా కరెంటు పోయింది అనుకోండి. మామూలు స్క్రిప్టు మళ్లీ నడిపితే మొదటి కాంట్రాక్ట్ ఇంకొకటి పుడుతుంది. గ్యాస్ దండగ, పైగా రెండు అడ్రస్‌లలో ఏది అసలుదో తెలియక ఆ తర్వాత టెన్షన్. ఇగ్నిషన్ అయితే జర్నల్ చూసుకుని ఆగిన దగ్గర నుంచే కొనసాగిస్తుంది. అసలు నెట్‌వర్క్‌లో ఒక ట్రాన్సాక్షన్ మీద డీఫాల్ట్‌గా 5 కన్ఫర్మేషన్లు (బ్లాకుల నుంచి నిర్ధారణలు) పడేదాకా ఆగుతుంది. ఇప్పటికే పెట్టిన మాడ్యూల్‌ను మనం తర్వాత మార్చి నడిపితే, పాత జర్నల్‌తో పోల్చి పొంతన లేదని ఆపేస్తుంది. మొదట్లో అది చికాకుగా అనిపిస్తుంది గానీ, ఆ ఆపడమే మనకు కావాలి.

ఫౌండ్రీ రస్ట్‌లో రాశారు, చాలా వేగం. అందులోని ఫోర్జ్ స్క్రిప్ట్ ముందు లోకల్‌గా అంతా ఆడించి చూస్తుంది, 'బ్రాడ్‌కాస్ట్' అని చెప్తేనే నిజంగా పంపుతుంది. 'బ్రాడ్‌కాస్ట్' ఫోల్డర్‌లో రికార్డూ పెడుతుంది, మధ్యలో ఆగితే 'రెస్యూమ్' ఆప్షన్ ఉంది. కానీ ఆ ఆప్షన్ ఇవ్వాలని మనిషికి గుర్తుండాలి. టెస్టుల్లో మాత్రం ఫౌండ్రీది పైచేయి. ఫజ్ టెస్ట్ రాస్తే డీఫాల్ట్‌గా 256 సార్లు రకరకాల అంకెలు వేసి కొడుతుంది. మీ సూటు లెక్కకు ఇది పెట్టి తీరాలి. ఖాళీ బరువు మొత్తం బరువు కంటే ఎక్కువ వస్తే ఏమవుతుందో అక్కడే తేలిపోతుంది.

నా సలహా: టెస్టులు ఫౌండ్రీలో, డిప్లాయ్‌మెంట్ ఇగ్నిషన్‌లో. ఒకే రిపోలో రెండూ ఇమిడిపోతాయి. ఆ 'డిప్లాయ్‌మెంట్స్' ఫోల్డర్‌ను తప్పకుండా గిట్‌లో పెట్టండి. చాలామంది దాన్ని తాత్కాలిక ఫైళ్లనుకుని గిట్‌ఇగ్నోర్‌లో వేస్తారు. ల్యాప్‌టాప్ పోయిందంటే దాంతోపాటు చరిత్రంతా పోతుంది.

ఇడుపులపాయ_కుర్రోడు | కడప జిల్లా

అన్నా, మా ల్యాబ్ మాన్యువల్‌లో డిప్లాయ్ చేసే ట్రఫుల్, లోకల్‌గా చైన్ నడిపే గనాష్ ఉన్నాయి. మైగ్రేషన్ ఫైళ్లకు 1, 2 అని నంబర్లు ఇచ్చి నడపడం నేర్పారు. అది సరిపోదా?

బురుజు_మాస్టారు | కర్నూలు

ఇంజినీరింగ్ కాలేజీలో చెప్తాను కాబట్టి దీనికి నేనే జవాబిస్తాను బాబూ. కాంట్రాక్టులను వరుసక్రమంలో పెట్టాలి, దేన్ని ఎక్కడిదాకా నడిపామో గుర్తుంచుకోవాలి అన్న ఆలోచనను ఎక్కువమందికి అలవాటు చేసింది ట్రఫులే. అయితే 2023 సెప్టెంబరులో వాటిని చూసుకునే కన్సెన్సిస్ సంస్థ దాన్ని, గనాష్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొత్త కంపైలర్ మార్పులు, భద్రతా సవరణలు ఇక రావు. పరీక్ష కోసం చదువు, కొత్త ప్రాజెక్టుకు మాత్రం ముట్టుకోకు. గనాష్ బదులు హార్డ్‌హ్యాట్ నోడ్ గానీ, ఫౌండ్రీలోని ఆన్విల్ గానీ వాడు.

పాత పాఠాల్లో ఇంకో చిక్కు ఉంది. టెస్ట్‌నెట్ల పేర్లు. రాప్‌స్టెన్, రింకబీ, గోర్లీ మూడూ పోయాయి. పాలిగాన్ ముంబై 2024లో ఆగిపోయి దాని స్థానంలో అమోయ్ వచ్చింది. పిల్లలు పాత పాఠం చూసి, కనెక్ట్ కావడం లేదని రాత్రంతా తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. చూస్తే బాధేస్తుంది. అందుకే మాన్యువల్ మార్చమని అడుగుతూనే ఉన్నాను.

పెన్నా_గట్టు | తాడిపత్రి

నేను చెప్పేది అందరూ కాస్త మనసు పెట్టి చదవండి. మా వైపు అరటి రైతుల బృందానికి ఒక ప్రైవేటు టీమ్ ఇలాంటిదే చేసిపెట్టింది. కాంట్రాక్ట్ బాగానే నడిచింది. ఏడాది తిరిగాక కొత్త మండీని చేర్చాల్సి వచ్చింది. చేర్చే అధికారం 'ఓనర్' అడ్రస్‌కే ఉంది. ఆ ఓనర్ ఎవరంటే, డిప్లాయ్ చేసిన రోజు ఆ టీమ్‌లో ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్న వాలెట్. ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడు. టీమ్ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. కాంట్రాక్ట్ ఇప్పటికీ చైన్ మీద ఉంది, అందరికీ కనపడుతుంది, ఎవరూ ఏమీ చేయలేరు. రైతులు వాటాలు వేసుకుని పెట్టిన డబ్బు అది. మళ్లీ మొదటి నుంచి కట్టించుకోవాల్సి వచ్చింది.

అక్కా, మీరు టూల్ ఏదైనా ఎంచుకోండి. డిప్లాయ్ అయిన రోజు సాయంత్రానికి అధికారం మీ సొంత వాలెట్‌లో ఉండకూడదు. నా మనవి ఇది.

గండికోట | బెంగళూరు

పెన్నా అన్న చెప్పింది బంగారం లాంటి మాట. దీన్ని ఎలా చేయాలో రాస్తాను.

ఓపెన్‌జెప్పెలిన్ అనే రెడీమేడ్ కాంట్రాక్టుల లైబ్రరీ 5వ వెర్షన్ నుంచి 'ఓనబుల్' కాంట్రాక్టుకు మొదటి ఓనర్ అడ్రస్ మనమే ఇవ్వాలి. అంతకుముందు డిప్లాయ్ చేసిన అడ్రసే దానంతట అదే ఓనర్ అయ్యేది. మీరు 'ఓనబుల్ టూ స్టెప్' వాడండి. అందులో పాత ఓనర్ ఇస్తానంటే సరిపోదు, కొత్త ఓనర్ 'తీసుకున్నాను' అని ట్రాన్సాక్షన్ పంపాలి. అడ్రస్ తప్పు టైప్ చేసి అధికారాన్ని గాలికి వదిలేసే ప్రమాదం ఉండదు. అనుమతులకు 'యాక్సెస్ కంట్రోల్' వాడుతుంటే డీఫాల్ట్ అడ్మిన్ రోల్‌ను కొత్తవాళ్లకు ఇచ్చి, డిప్లాయర్ అడ్రస్ నుంచి తీసేయాలి. ఇవ్వడం అందరికీ గుర్తుంటుంది, తీసేయడం మర్చిపోతారు. కాబట్టి ఈ రెండు కాల్స్ కూడా ఇగ్నిషన్ మాడ్యూల్‌లోనే రాసేయండి. అప్పుడు అదీ డిప్లాయ్‌మెంట్‌లో భాగమే అవుతుంది, జర్నల్‌లో కనపడుతుంది.

కొత్త ఓనర్‌గా సేఫ్ మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్) పెట్టండి. ఇంతకుముందు దీని పేరు నోసిస్ సేఫ్. ఐదుగురిలో ముగ్గురు సంతకం పెడితేనే పని జరిగేలా చేయొచ్చు. సంఘం నుంచి ఇద్దరు, వ్యాపారుల తరఫున ఒకరు, ఇద్దరూ నమ్మే బయటి మనిషి ఒకరు, సాంకేతికంగా చూసుకునేవాళ్లు ఒకరు. ఒక ఫోన్ పోయినా, ఒకరు ఊరు విడిచినా పని ఆగదు.

మల్టీసిగ్ ఉంది కదా అని కళ్లు మూసుకుని సంతకాలు పెట్టకూడదు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోయింది. అక్కడా మల్టీసిగ్ ఉంది. సేఫ్ కాంట్రాక్టుల్లో లోపం లేదు. వెబ్ పేజీలో దొంగ కోడ్ చొరబడి, సంతకం పెట్టేవాళ్లకు తెర మీద ఒకటి చూపించి వెనక ఇంకోటి పంపింది. సంతకం పెట్టే ముందు ట్రాన్సాక్షన్ హ్యాష్‌ను వేరే పరికరంలో లెక్కవేసి సరిచూసుకునే అలవాటు ఐదుగురికీ నేర్పండి. ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

ఇడుపులపాయ_కుర్రోడు | కడప జిల్లా

డిప్లాయ్ చేసేటప్పుడైనా ప్రైవేట్ కీ ఎక్కడో ఒకచోట ఇవ్వాలి కదన్నా? మేము డాట్ ఎన్వ్ (సెట్టింగుల) ఫైలులో పెడుతున్నాం.

గండికోట | బెంగళూరు

టెస్ట్‌నెట్‌కు కూడా ఆ అలవాటు వద్దు తమ్ముడూ. ఒకరోజు పొరపాటున గిట్‌హబ్‌కు పోతుంది. తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్లలో ఉండనే ఉంటుంది. ఫౌండ్రీలో 'కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్' చేస్తే కీ పాస్‌వర్డ్‌తో తాళం పడి డిస్క్‌లో ఉంటుంది. హార్డ్‌హ్యాట్ 3లో కూడా ఇలాంటి కీస్టోర్ ప్లగిన్ ఉంది. అసలు నెట్‌వర్క్‌కు హార్డ్‌వేర్ వాలెట్ అయితే ఇంకా మంచిది.

హార్డ్‌హ్యాట్, ఆన్విల్ మొదలుపెట్టగానే 10,000 ఈథర్ల చొప్పున చూపించే ఖాతాలు ఉంటాయి చూశావా, వాటి కీలు లోకమంతటికీ తెలుసు. 'టెస్ట్' అన్న మాట పదకొండుసార్లు, చివర 'జంక్', అదే వాటి సీడ్ (కీలన్నీ పుట్టే పదాల వరుస). ఆ అడ్రస్‌లకు అసలు నెట్‌వర్క్‌లో డబ్బు పంపితే కాచుకుని ఉన్న బాట్లు క్షణాల్లో ఊడ్చేస్తాయి.

ప్యాకేజీల దగ్గర కూడా జాగ్రత్త. హార్డ్‌హ్యాట్ ప్లగిన్ల పేర్లను పోలిన దొంగ ప్యాకేజీలు ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోట) దొరికాయి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ లాంటి అందరూ వాడే ప్యాకేజీల్లోకే వాలెట్ అడ్రస్‌లు మార్చేసే కోడ్ ఎక్కించారు. లాక్ ఫైలు (ప్యాకేజీల వెర్షన్ల పట్టిక) రిపోలో ఉంచు, డిప్లాయ్ చేసే రోజు ఏదీ అప్‌డేట్ చేయకు.

చీనీతోట | అనంతపురం

ఇప్పుడు నన్ను ఎక్కువగా కుదిపేస్తున్న ప్రశ్న. కాంట్రాక్టును అప్‌గ్రేడ్ చేసుకునేలా ప్రాక్సీ వెనక పెట్టాలా, వద్దా?

బురుజు_మాస్టారు | కర్నూలు

వద్దమ్మా. దిద్దడానికి వీల్లేదని రైతులకు మాటిచ్చి, లోపల లాజిక్ మొత్తం మార్చేసే తలుపు తెరిచి పెట్టడం ఆ మాటకు విరుద్ధం. ప్రాక్సీ అంటే డేటా ఒక కాంట్రాక్టులో, లాజిక్ ఇంకో కాంట్రాక్టులో. అధికారం ఉన్నవాళ్లు లాజిక్ అడ్రస్ మార్చేస్తే, ఇవాళ 'దిద్దకూడదు' అన్న కోడ్ రేపు 'దిద్దొచ్చు' అవుతుంది. పైగా ఇలా ముక్కలు చేసి పెట్టడంలో ప్రమాదాలు ఉన్నాయి. 2017 నవంబరులో పారిటీ మల్టీసిగ్ వాలెట్లన్నీ ఆధారపడిన ఒక లైబ్రరీ కాంట్రాక్టును ఇనిషియలైజ్ చేయకుండా వదిలేశారు. ఎవరో దానికి ఓనర్ అయిపోయి, నాశనం చేసే ఫంక్షన్ పిలిచారు. 5 లక్షలకు పైగా ఈథర్ ఆ వాలెట్లలో ఇరుక్కుపోయింది.

గండికోట | బెంగళూరు

సార్, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ బగ్ ఉంటే? డిప్లాయ్ అయినాక సూటు లెక్కలో తప్పు దొరికితే, ప్రాక్సీ లేకపోతే కొత్త అడ్రస్‌కు వెళ్లాలి, పాత లాట్లన్నీ పాత అడ్రస్‌లో ఉంటాయి. ఓపెన్‌జెప్పెలిన్ అప్‌గ్రేడ్స్ ప్లగిన్ వాడితే పారిటీ లాంటి ప్రమాదాలు చాలావరకు ముందే పట్టుబడతాయి.

స్టోరేజ్, అంటే డేటా దాచే నంబర్ల గళ్ల (స్లాట్ల) సంగతి ఉదాహరణతో చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మొదటి వెర్షన్‌లో స్లాట్ 0లో లాట్ల సంఖ్య, స్లాట్ 1లో సంఘం అడ్రస్ ఉన్నాయనుకోండి. రెండో వెర్షన్‌లో వీటన్నింటికంటే పైన 'సీజన్' అని కొత్త వేరియబుల్ రాశారు. కొత్త కోడ్ స్లాట్ 0ని సీజన్ అనుకుంటుంది, అక్కడ 4,200 అని పాత లాట్ల సంఖ్య ఉంటుంది. స్లాట్ 1లోని అడ్రస్‌ను లాట్ల సంఖ్యగా చదువుతుంది. డేటా ఎక్కడికీ పోదు, అర్థం మాత్రం అంతా తలకిందులవుతుంది. ప్లగిన్ పాత లేఅవుట్‌ను రికార్డు చేసుకుని ఉంటుంది కాబట్టి ఇలాంటి మార్పును అప్‌గ్రేడ్‌కు ముందే అడ్డుకుంటుంది. కొత్త వేరియబుల్ ఎప్పుడూ చివర చేర్చాలి.

బురుజు_మాస్టారు | కర్నూలు

ప్లగిన్ స్లాట్లను కాపాడుతుంది, నమ్మకాన్ని కాపాడదు. బగ్‌కు మందు వేరే ఉంది. చిన్న రిజిస్ట్రీ కాంట్రాక్ట్ ఒకటి పెట్టండి. '2026 సీజన్ లాట్లు ఈ అడ్రస్‌లో, 2027వి ఆ అడ్రస్‌లో' అని చెప్పడమే దాని పని. ఏ సీజన్ కాంట్రాక్ట్ ఆ సీజన్‌కే. బగ్ దొరికితే కొత్త కాంట్రాక్ట్ పెట్టి రిజిస్ట్రీలో చేర్చండి. పాత ఎంట్రీ చెరిగిపోకుండా ఉంటుంది, ఎందుకు మార్చారో రైతు కూడా చూడగలడు. చీనీ లెక్క సీజన్‌తో ముగిసేదే కదా, పాత డేటాను కొత్త కాంట్రాక్టులోకి మోయాల్సిన పనే లేదు.

గండికోట | బెంగళూరు

సీజన్‌వారీ అన్న కోణం నాకు తట్టలేదు సార్. డబ్బు దాచే కాంట్రాక్ట్ అయితే నేను ప్రాక్సీ అనే అంటాను. ఇది రికార్డు కాబట్టి మీ పద్ధతే నయం. ఇగ్నిషన్‌లో కూడా సులువు. సీజన్‌కొక మాడ్యూల్, పెట్టేటప్పుడు సీజన్‌కొక డిప్లాయ్‌మెంట్ ఐడీ. రిజిస్ట్రీ అడ్రస్‌ను మాత్రం పారామీటర్‌గా ఇవ్వాలి.

ఆదోని_పత్తి | ఆదోని

ఖర్చు ఎవరూ లెక్క కట్టలేదు. కాంట్రాక్ట్ పెట్టడానికి కోడ్‌లో బైటుకు 200 గ్యాస్ చొప్పున పడుతుంది, అది కాక ట్రాన్సాక్షన్‌కు 21,000, కాంట్రాక్ట్ సృష్టికి 32,000. ఇథీరియం మీద ఒక కాంట్రాక్ట్ గరిష్ఠ సైజు 24,576 బైట్లు. అంటే కోడ్ దాచడానికే 49 లక్షల గ్యాస్. అక్కది దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. అసలు భారం రోజువారీ ఎంట్రీలది. కొత్త స్టోరేజ్ స్లాట్ ఒక్కటి రాస్తే 20,000 గ్యాస్ దాటుతుంది. అదే ఈవెంట్‌గా (చైన్ లాగ్‌లో రాసే నమోదుగా) వదిలితే బైటుకు 8 గ్యాస్, దానికి తోడు మొదలు ఖర్చు 375, టాపిక్‌కు (వెతకడానికి పెట్టే గుర్తుకు) 375. తూకం వివరాలు ఈవెంట్‌లో, ఆమోదం స్థితి మాత్రం స్టోరేజ్‌లో ఉంచితే చాలు. ఈవెంట్‌ను ఇంకో కాంట్రాక్ట్ చదవలేదు, అది గుర్తుంచుకోండి.

మైలవరం_కాలువ | ప్రొద్దుటూరు

నాది అకౌంట్స్ పని. గ్యాస్ కోసం సంఘం పేరు మీద టోకెన్లు కొనాలి కదా. అవి వర్చువల్ డిజిటల్ ఆస్తుల కిందికి వస్తాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి వాటి బదిలీ మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. మొత్తం చిన్నదే కావచ్చు, అయినా బోర్డు తీర్మానం, కొన్న రసీదు, ఏ ట్రాన్సాక్షన్‌కు ఎంత ఖర్చయిందో లెక్క ఉండాలి. ఎవరో ఒకరి సొంత ఖాతాలో కొని సంఘానికి వాడితే ఆడిట్‌లో ఇబ్బంది.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ చైన్ మీద పెట్టొద్దు. 2023 డేటా రక్షణ చట్టం తన సమాచారం తొలగించమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. చైన్ మీద పెట్టింది తొలగించలేం కదా?

గండికోట | బెంగళూరు

చాలా మంచి పాయింట్. 'పేరు పెట్టను, ఫోన్ నంబర్ హ్యాష్ పెడతాను' అన్నా కుదరదు. ఫోన్ నంబర్ పది అంకెలే. ఉన్న నంబర్లన్నింటికీ హ్యాష్ వేసి పోల్చి చూడటం మామూలు కంప్యూటర్‌తోనే అయిపోతుంది. ఆధార్ పన్నెండు అంకెలు, అదీ అంతే. సంఘం దగ్గర ఉండే డేటాబేస్‌లో ప్రతి రైతుకూ యాదృచ్ఛికంగా ఒక పెద్ద ఐడీ కేటాయించి, చైన్ మీద అది మాత్రమే వాడండి. రైతు తన వివరాలు తీసేయమంటే డేటాబేస్‌లోని ఆ వరుస తీసేస్తారు. చైన్ మీద మిగిలింది ఎవరిదో చెప్పేవాళ్లు ఉండరు.

ఇడుపులపాయ_కుర్రోడు | కడప జిల్లా

టోకెన్ల గొడవే లేకుండా హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ (సభ్య సంస్థలే నడుపుకునే బ్లాక్‌చైన్) వాడొచ్చు కదా సార్?

బురుజు_మాస్టారు | కర్నూలు

వాడొచ్చు. ఫాబ్రిక్‌లో కాయిన్ ఉండదు. చైన్‌కోడ్ (అక్కడి స్మార్ట్ కాంట్రాక్ట్) పెట్టే పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. 2020లో వచ్చిన 2.0 నుంచి ప్యాకేజీ చేయాలి, ప్రతి సంస్థా తన పీర్‌లో (సర్వర్‌లో) ఇన్‌స్టాల్ చేసుకుని ఆమోదం తెలపాలి, డీఫాల్ట్‌గా సగానికి పైగా సంస్థలు ఒప్పుకున్నాకే కమిట్ అవుతుంది. ఒక్కరి ఇష్టంతో కోడ్ మారదు. కానీ సంఘం, వ్యాపారులు ఎవరికి వారు సర్వర్ నడపాలి, సర్టిఫికెట్ల గడువులు చూసుకోవాలి. వ్యాపారులకు ఆ ఓపిక ఉంటుందా? కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో విశ్వస్య అనే బ్లాక్‌చైన్ స్టాక్ తెచ్చింది, హైదరాబాద్ ఎన్ఐసీ డేటా సెంటరు కూడా అందులో ఉంది. ప్రభుత్వ శాఖ ఏదైనా చేయి కలిపితే అటు ఆలోచించవచ్చు. ప్రస్తుతానికి చీనీతోట గారి దారి మార్చనక్కర్లేదు.

చీనీతోట | అనంతపురం

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ ప్రింట్ తీసి సంఘం వాళ్లతో కూర్చున్నాను. ప్రాక్సీ లేదు. మాస్టారు చెప్పినట్టు రిజిస్ట్రీ, సీజన్‌వారీ కాంట్రాక్టులు. టెస్టులు ఫౌండ్రీలో, డిప్లాయ్ ఇగ్నిషన్‌తో. మాడ్యూల్ చివర్లోనే డీఫాల్ట్ అడ్మిన్ రోల్ సేఫ్‌కు ఇచ్చి, నా అడ్రస్‌కు తీసేస్తున్నాను. రోజుకొక హ్యాష్ అన్న ఆలోచన బోర్డుకు నచ్చింది గానీ, కాటా దగ్గరే ఇద్దరి ఆమోదం పడాలంటే తూకానికొక ఎంట్రీ అవసరమని తేలింది. వివరాలు ఈవెంట్లలో ఉంటాయి.

ఐదు సంతకాల్లో ఒకటి ఎవరికివ్వాలన్నది ఇంకా తేలలేదు. బయటి మనిషిగా రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన పేరు వచ్చింది, వ్యాపారులు ఆలోచించుకుని చెప్తామన్నారు. అది తేలేదాకా అసలు నెట్‌వర్క్‌కు పోను.

పెన్నా_గట్టు | తాడిపత్రి

పోవద్దు. ఎంత తొందరపెట్టినా పోవద్దు. ఇంకో మాట, సోర్స్ కోడ్ వెరిఫై చేశారా? మా కాంట్రాక్ట్ వెరిఫై చేయలేదు. లోపల ఏముందో చూద్దామంటే ఎక్స్‌ప్లోరర్‌లో (చైన్ చూపించే వెబ్‌సైట్‌లో) ఉత్త బైట్‌కోడే (యంత్రానికి మాత్రమే అర్థమయ్యే కోడే) కనపడింది.

చీనీతోట | అనంతపురం

అమోయ్‌లో నిన్న ప్రయత్నించానన్నా, బైట్‌కోడ్ సరిపోలడం లేదని వస్తోంది.

గండికోట | బెంగళూరు

కంపైలర్ వెర్షన్, ఆప్టిమైజర్ 'రన్స్' అంకె రెండూ డిప్లాయ్ రోజున ఉన్నట్టే ఉండాలి. మీరు పాత జావాస్క్రిప్ట్ స్క్రిప్టుతో పెట్టినదాన్ని ఇప్పటి సెట్టింగులతో వెరిఫై చేస్తుంటే సరిపోలదు. బైట్‌కోడ్ చివర మెటాడేటా హ్యాష్ ఉంటుంది, సోర్స్‌లో ఒక కామెంట్ మార్చినా అది మారిపోతుంది. అమోయ్‌లో ఇగ్నిషన్‌తో కొత్తగా పెట్టి, 'ఇగ్నిషన్ వెరిఫై'కి 'చైన్-80002' ఇచ్చి నడపండి. ఆ రోజు బిల్డ్ సమాచారం దాని దగ్గరే ఉంటుంది కాబట్టి సెట్టింగులు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సోర్సిఫై అనే వెరిఫికేషన్ సేవలో కూడా వేయండి, అది ఓపెన్‌సోర్స్. ఒక ఎక్స్‌ప్లోరర్ మూతపడినా కోడ్ ఇంకోచోట ఉంటుంది.

చీనీతోట | అనంతపురం

అయింది అన్నా. రెండు చోట్లా వెరిఫై అయింది. రిపో లింకు మీకు, మాస్టారికి విడిగా పంపుతున్నాను. సూటు లెక్క ఫజ్ టెస్టులు ముందు చూడండి, మిగతావి నిదానంగా చూడొచ్చు.

కాటా_గుమాస్తా | అనంతపురం

కాటా దగ్గర ఆమోదం నొక్కే స్క్రీన్ తయారైతే నాకు చెప్పమ్మా. ఆదివారం మా మండీలో రద్దీ తక్కువ, నలుగురు రైతులను కూర్చోబెట్టి నొక్కించి చూద్దాం. అక్షరాలు పెద్దవిగా పెట్టు. ఎండలో ఫోన్ స్క్రీన్ సరిగ్గా కనపడదు.